బొమ్మల కొట్టులో పిరికి కుక్క

రాయగడలో మా ఇల్లు ముందు సగం కొట్టు, వెనక సగం కాపురం. మధ్యన ఒక గళ్ళ తెర. పెరడు ఉంది గానీ దాని వెనక నిట్టనిలువుగా కొండరాయి, అటునుంచి దారి లేదు. ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్ళాలన్నా కొట్టు మధ్యలోంచే వెళ్ళాలి. కొట్టులో రెండు వైపులా అరల నిండా బొమ్మలు. రేకు బొమ్మలు, రబ్బరు బొమ్మలు, పైన తీగకు వేలాడే ప్లాస్టిక్ చిలకలు, కింద గంపల్లో బంతులు. ఈ వర్ణన అంతా ఎందుకంటే, మా కుక్కకి బొమ్మలంటే భయం.

నవ్వాలనిపిస్తే నవ్వండి. మా బజారు మొత్తం అప్పుడే నవ్వేసింది. బొమ్మల కొట్టులో పెరిగే కుక్క బొమ్మను చూసి వణికిపోయి నేల తడిపేయడం నేనైతే ఎక్కడా వినలేదు. అసలు చిక్కు పొద్దున్నే వచ్చేది. అది బయటికి పోవాలి. పోవాలంటే కొట్టు దాటాలి. తెర దాకా ఉత్సాహంగా వచ్చి, అక్కడ నాలుగు కాళ్ళూ బిగించి నిలబడిపోయేది. అందుకని మా ఆయన దాన్ని భుజాన వేసుకుని, తలమీద తుండు కప్పి, ఒక్క బొమ్మా కంటపడకుండా వీధిలోకి దాటించేవారు. ఎదురుగా పకోడీల బండి ఆవిడది రోజూ ఒకటే మాట.

"బాబూ, పెళ్ళికూతురు బైల్దేరిందేటి?"

మా ఆయన సౌమ్యుడు, నవ్వి ఊరుకునేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఆవిడ మీద కాదు, నా మీద. ఎందుకంటే ఆ భయం దానికి పెట్టింది నేనే.

తొంభై ఆరులో మాట. నా పుట్టిల్లు గుణుపురం. పెళ్ళయి రాయగడ వచ్చి రెండేళ్ళయింది. అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఇంట్లో మామయ్య, మా ఆయన, నేను. మామయ్యది తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. పొద్దున్న ఏడింటికి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే అది ఆయన సింహాసనం. కొట్టులో ఆయన పెట్టిన నియమం ఒకటుంది, కీ ఇచ్చి ఆడించి చూపించకుండా ఒక్క బొమ్మ కూడా గుమ్మం దాటకూడదు. కొండమీద ఊళ్ళనుంచి సంతకి వచ్చేవాళ్ళు పిల్లల కోసం బొమ్మ కొంటే, మళ్ళీ మార్చుకోవడానికి అంత దూరం రాలేరు కదా అనేవారు. ఆ ముక్క మాత్రం న్యాయమే.

ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. రథయాత్రకి మాకు పెద్ద వ్యాపారం. ఆ తొమ్మిది రోజులూ పిల్లల చేతిలో బొమ్మ లేకుండా ఎవరూ ఇంటికి పోరు. విజయనగరం నుంచి మాలు దిగిన రోజు సాయంత్రం కొట్టులో లక్ష్మీదేవి పటం ముందు దీపం పెట్టి, వచ్చిన ప్రతి రకంలో ఒకటి తీసి, కీ ఇచ్చి, వరసగా పటం వైపు వదిలేవాళ్ళం. రేకు కప్పలు గెంతుతూ, కోతి డప్పు కొడుతూ, రైలు గిరగిరా తిరుగుతూ, బాతులు తలలాడిస్తూ అన్నీ ఒక్కసారి అమ్మవారి దగ్గరికి బయల్దేరతాయి. అవి ముందు ఆవిడకి దండం పెట్టాక గానీ బోణీ చెయ్యరు. మామయ్య వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ అంతే.

ఆ ఏడు నా దగ్గర రెండు నెలల కుక్కపిల్ల ఉంది. వారానికోసారి కొండ దిగి విస్తర్లకి అడ్డాకులు తెచ్చే ముసలామె ఒకావిడ, గంపలో ఆకుల మీద పడుకోబెట్టి తెచ్చి ఇచ్చింది. కాల్చిన వేరుశనగ రంగు, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి ఉండేది. మాలు దిగిన సాయంత్రం నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది. ఇంటికి కొత్తగా వచ్చిన ప్రాణం కదా, అమ్మవారి ముందు పెడదామని దానికి నుదుట పసుపూ కుంకుమా పెట్టి, సరిగ్గా పటం కింద పీట మీద కూర్చోబెట్టాను. అమ్మవారివైపు బయల్దేరిన బొమ్మలన్నీ ఎవరి మీదికి వస్తాయో ఆలోచించలేదు. అడుగెత్తు కూడా లేని పిల్ల. ఎదురుగా ముప్ఫై నలభై బొమ్మలు టకటకా గిరగిరా మోగుతూ దాని మీదికి వచ్చాయి. వెనక గోడ. పారిపోవడానికి చోటు లేదు. అది అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"ఏటమ్మీ, కుక్కపిల్లనేటి అక్కడెట్టేవు?" అని మామయ్య అరిచేసరికే అంతా అయిపోయింది. అది రైలును తన్నేసి, డప్పు కోతిని దొర్లించేసి, నా కుచ్చిళ్ళలో దూరింది. ఆ రోజు తెర వెనక్కి వెళ్ళిన కుక్క ఏడాదిపాటు తన కాళ్ళతో కొట్టులోకి రాలేదు.

తొమ్మిది నెలలు గడిచాయి. పిల్ల కాస్తా కుక్కయింది. మోయడానికి మా ఆయన భుజం చాలడం లేదు. అయినా బండి నడిచేదే, ఉగాది వెళ్ళిన వారంలో ఆ గాజుల గొడవ జరక్కపోతే. రైల్వే క్వార్టర్స్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. మా ఆయన దాన్ని వీధిలోంచి లోపలికి తెస్తున్నారు. సరిగ్గా అప్పుడే వాళ్ళ చిన్నపిల్ల డప్పు కోతికి కీ ఇచ్చి వదిలింది. కుక్క ఆయన భుజం మీదనుంచి ఎగిరి, బొమ్మలతోపాటు అమ్మకానికి పెట్టిన గాజుల స్టాండు మీద పడింది. మట్టిగాజులు ఎర్రవీ పచ్చవీ కొట్టంతా ముక్కలు. పిల్ల ఏడుపు, వాళ్ళమ్మ కేకలు, కుక్క ఎక్కడ దూరిందో తెలియదు.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర మామయ్య తలెత్తకుండా చెప్పారు.

"రథయాత్ర మాలు దిగినాక పెరట్లో కూడా పెట్టెలే ఉంటాయి. అందాకా సూస్తాను. మాలు దిగిన్నాటికి ఈ కుక్క బొమ్మల మజ్జిన నిలబడాల. నేకపోతే మాచ్‌ఖండ్ పంపించేద్దాం. మా తమ్ముడికి క్వాట్రసు ఉంది, పెద్ద పెరడు, ఆడికి కుక్కలంటే పేణం. సుకంగా ఉంటాది."

సుఖంగానే ఉంటుంది, నాకు తెలుసు. అదే నాకు మింగుడు పడలేదు. పాడు చేసిందేమో నేను, బాగు చేసుకోకుండా ఆ వణుకుతోనే దాన్ని ఇంకొకరి పెరట్లోకి పంపడమా? ఆ రోజునుంచి మామయ్యకి అన్నం వడ్డించేటప్పుడు గరిటె చప్పుడు కొంచెం ఎక్కువైంది. అవసరమైన మాట తప్ప ఆయనతో మాట్లాడటం మానేశాను. మనసులో బండరాయి అని పేరు కూడా పెట్టాను. పెరటి వెనకదొకటి, గల్లాపెట్టె దగ్గరదొకటి.

ఇక కుక్కకి వైద్యం మొదలైంది. మొదటి వైద్యుడు మా ఆయన. "ముక్కుకి తగిలిస్తే అదే పోతాది" అని రేకు కప్పను దాని ముక్కు దగ్గర పెట్టారు. అది బియ్యం బస్తాల మీదికి ఎగబాకి సాయంత్రం దాకా దిగలేదు. రెండో వైద్యం నాది. ఎండుమిరపకాయలు దిష్టి తీసి పొయ్యిలో వేశాను. కుక్క తుమ్మింది, మేమూ దగ్గాం, భయం ఎక్కడిదక్కడే ఉంది.

ఆ వారం అడ్డాకుల ముసలామె వచ్చి, బస్తాల చాటున నక్కిన కుక్కను చూసి, మా వైద్యాలన్నీ విని నోరు నొక్కుకుంది. ఆవిడది దేశియాలో, అంటే కొండమీది ఒడియా యాసలో, ముంచి తీసిన తెలుగు.

"అయ్యో, కుకుర్‌కి ఇంత డొర్ పట్టిందా? మీరు దానికి కప్పని సూపించేరు గదా? ఎందుకు సూపించేరు?"

"భయం పోవాలని."

"కొత్త గొడ్డుకి కాడి అలవాటు సేసేటప్పుడు మేం ముందు మెడమీద ఎట్టం. సాలలో ఒక మూల పడేస్తాం. కాడి దగ్గిరే గడ్డి ఏస్తాం. గొడ్డు తింటది, వాసన సూస్తది, ఒకరోజు దానిమీదే తల ఎట్టి పడుకుంటది. అప్పుడు మెడమీద ఎట్టాల. నువ్వు బొమ్మని కుకుర్ దగ్గిరికి తేకు. కుకుర్‌నే బొమ్మ దగ్గిరికి రానీ."

ఇంత తేలిక మాట మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. కొట్టు మీద బతికేవాళ్ళం, మాకు తెలిసింది ఒకటే, వస్తువు తీసి ఎదుటివాళ్ళ ముఖం ముందు ఆడించడం. కుక్కకి కూడా బేరమే చేస్తున్నాం.

కిందటేడు దొర్లిపడి సొట్టపడిన డప్పు కోతి అటక మీద ఉంటే దింపాను. కీ ఇవ్వకుండా పెరట్లో ఆ చివర కొండరాయి దగ్గర పడేసి, ఈ చివర కుక్క గిన్నె పెట్టాను. పెరుగన్నం. అది కోతిని చూసింది, అన్నాన్ని చూసింది, రెండూ వద్దని లోపలికి పోయింది. మూడు రోజులు అదే వరస. పెరుగన్నం కోసం ప్రాణాలకి తెగించే కుక్క ఎక్కడా ఉండదని నాకు అప్పుడు అర్థమైంది.

"దానికి సుఖువా ఎట్టు" అంది ముసలామె పై వారం వచ్చినప్పుడు. సుఖువా అంటే ఎండుచేప.

మా ఇంట్లో నీచు గుమ్మం దాటి రాదు. ఎండుచేప సంగతి సరే, గుడ్డు పేరెత్తినా మామయ్య చెంబుతో నీళ్ళు తెప్పించుకుని నోరు పుక్కిలిస్తారు. అయినా గొంతుదాకా వచ్చాక మడి ఏమిటి? "తీసుకురా" అన్నాను. ఆవిడ ఆ తర్వాతి వారమే అడ్డాకులో చుట్టి, ఆకుల కట్ట మధ్యలో దాచి తెచ్చింది. పెరట్లో బట్టలుతికే బండ కింద పాత చెంబులో దాచుకున్నాను. కోడలు బంగారం దాచుకుంటుంది గానీ ఎండుచేపలు దాచుకున్నది నేనొక్కదాన్నేనేమో.

ఎండుచేప పని చేసింది. మొదటి రోజు గిన్నె దగ్గరే తినేసింది. తర్వాత రోజుకో అడుగు చొప్పున గిన్నెను కోతివైపు జరిపాను. కుక్క పొట్ట నేలకానించి, మెడ చాచి, ఒక కన్ను కోతి మీద పెట్టి తినేది. కోతి ఎంతకీ కదలకపోతే దానికీ విసుగు పుట్టినట్టుంది. ఇరవై రోజులకి కోతి ఒళ్ళో చిన్న చేపముక్క పెట్టాను. అది నిలబడి ఆలోచించింది. చేప తీసుకుని పరిగెత్తింది. ఆ మర్నాడు చేప తిన్నాక డప్పును నాకింది. ఆ మర్నాడు కోతి టోపీ నాకింది. నాకు ఎంత సంతోషమేసిందంటే, చెంబులో ఉన్న చేపలన్నీ ఒక్కపూటే పెట్టేశాను. ఆ రాత్రి దానికి కడుపు చెడింది.

ఒకరోజు మామయ్య గల్లాపెట్టె దగ్గర కూర్చుని గాలి గట్టిగా పీల్చారు.

"అమ్మీ, కొట్లో నీసు వాసనేటి?"

చేతులు గబగబా పమిటకి తుడుచుకున్నాను. "కొత్త రబ్బరు బొమ్మలు మావయ్యా. ఎండకి అలాగే వాసనేస్తాయి."

"ఊఁ. రబ్బరా?" అన్నారు. అంతే. ఆ సాయంత్రం ఎవరో కొనడానికి వచ్చి ముక్కు మూసుకుంటే, ఆయనే చెప్పడం తెర వెనకనుంచి విన్నాను. "కొత్త రబ్బరమ్మా, రెండ్రోజుల్లో పోతాది." నా అబద్ధం ఇంత గట్టిదా అని మురిసిపోయాను.

జ్యేష్ఠం వచ్చేసరికి కుక్కా కోతీ ఒకటే ప్రాణం. కోతిని నోట కరుచుకుని పెరడంతా తిరిగేది, ముడుచుకుని దాన్ని పొట్టలో పెట్టుకుని పడుకునేది. ఒక పొద్దున్న మా ఆయన తుండు దులిపి దాన్ని ఎత్తుకోబోతే, కోతిని నోట పట్టుకుని ఆయన కాళ్ళ మధ్యనుంచి దూరి, తెర తోసుకుని, అరల మధ్యనుంచి నడిచి, వీధిలో దిగింది. ఆయన తుండు భుజానేసుకుని అలాగే నిలబడిపోయారు. పకోడీల బండి ఆవిడ గరిటె వదిలేసి చప్పట్లు కొట్టింది. "పెళ్ళికూతురికి సిగ్గు తీరిపోనాది బాబూ!" అని కేకేసింది. ఆ రోజు ఆవిడ దగ్గర నేనే పకోడీలు కొని ఇంటిల్లిపాదికీ పెట్టాను.

మామయ్య పకోడీ నములుతూ ఒక్క మాటన్నారు. "నడిస్తే సాల్దమ్మీ. మా కొట్లో బొమ్మలు మోగుతాయి. మోగిన్నాడు సూద్దాం."

ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. కోపం ఎందుకంటే ఆయన సరిగ్గా నొప్పి ఉన్నచోటే వేలు పెట్టారు. కీ సంగతి నేను తప్పించుకు తిరుగుతున్నాను. ఒక్కసారి ప్రయత్నించాను. కోతి వీపున కీ సగం తిప్పాను, కిర్రుమంది. అంతే, కుక్క తింటున్నది ఆపి నావైపు చూసింది. నువ్వేనా, మళ్ళీనా అన్నట్టుంది ఆ చూపు. కీ వదిలేశాను. ఆ తర్వాత ముట్టుకోలేదు. దానికి శబ్దం భయం. నాకు దాని అరుపు భయం. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అంటూ నెల రోజులు గడిపేశాను. మధ్యాహ్నాలు కొట్టు తలుపులు ఓరగా వేసి మామయ్య అక్కడే కునుకు తీసేవారు, నేను వంటింట్లో చాప వేసుకుని పడుకునేదాన్ని. కుక్క చల్లగా ఉన్నచోట ఎక్కడో పడుకునేది. ఆ మూడు గంటల్లో ఒక్క గంట కేటాయించినా సరిపోయేది. కళ్ళు మూసుకుంటే పని తప్పుతుందన్నట్టు పడుకునేదాన్ని.

మాలు దిగింది. పెట్టెలు విప్పారు. సాయంత్రం దీపం వెలిగించారు. కుక్కను వంటింట్లో పెట్టి గడియ వేశాను, రేపు చూద్దాంలే అని చివరిసారి నాకు నేను చెప్పుకుని. మామయ్య బొమ్మలన్నీ వరసగా పెట్టి, తల తిప్పి అన్నారు.

"కుక్కని తీసుకురా అమ్మీ."

"వద్దు మావయ్యా."

"తీసుకురా."

మాచ్‌ఖండ్ బస్సు నా కళ్ళముందు కదిలింది. గడియ తీసి, దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని తెర దగ్గర నిలబడ్డాను. మా ఆయన, మామయ్యా కలిసి కీలు తిప్పుతున్నారు. గుమ్మం దగ్గర అడ్డాకుల ముసలామె గంప దించుకుని కూర్చుంది. కిందటేటి శబ్దమే మళ్ళీ మొదలైంది, కప్పలు, రైలు, బాతులు, కొత్త డప్పు కోతి. నా చేతుల్లో కుక్క గింజుకుంది. అయిపోయింది అనుకుని కళ్ళు మూసుకున్నాను. అది జారి కిందికి దూకింది.

అరుపు వినబడలేదు. కళ్ళు తెరిస్తే, అది తోక ఊపుకుంటూ మోగుతున్న బొమ్మల మధ్యనుంచి నడుస్తోంది. గెంతే కప్పను దాటింది, బాతును ముక్కుతో పక్కకి తోసింది. అమ్మవారి పటం వైపు కాదు, నావైపు కాదు, తిన్నగా మామయ్య దగ్గరికి వెళ్ళి, ముందు కాళ్ళు ఆయన పొట్టమీద పెట్టి, ఆయన బనీను జేబులో మూతి దూర్చింది. జేబులోంచి అడ్డాకు పొట్లం ఒకటి లాగింది. పొట్లం విడిపోయి లక్ష్మీదేవి దీపం ముందు నాలుగు ఎండుచేపలు రాలాయి.

బొమ్మలు ఇంకా మోగుతూనే ఉన్నాయి.

"నాన్నా, ఏటిది?" అన్నారు మా ఆయన.

మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. డెబ్భై ఏళ్ళ మనిషి నేలచూపులు చూస్తూ నాతో అన్నారు. "మరేటి సేస్తాను? కిర్రుమంటే నువ్వే దడుసుకుంటన్నావు. నీకు కీ తిప్పడానికి సెయ్యి రాదని తెలిసిపోనాది. ఎవులో ఒకలు తిప్పాల గదా. మజ్జాన్నం నువ్వు తొంగున్నాక పిలిసేవోణ్ణి. మొదట ఒక్క సుట్టు. మర్నాడు రెండు. పది రోజులు పట్టింది ఈ ఎదవకి."

గుమ్మం దగ్గర ముసలామె పమిట నోటికి అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వుతోంది. ఇద్దరికీ పొట్లాలు తెచ్చిందట, నాకు ఆకుల కట్ట మధ్యలో, ఆయనకి గల్లాపెట్టె కింద. ఒకరి సంగతి ఒకరికి చెప్పొద్దని ఇద్దరం ఒట్టు వేయించుకున్నామట.

మూడు నెలలుగా ఆయన్ని నేను తిట్టుకున్న తిట్లు, గరిటె చప్పుళ్ళు, ఆ బండరాయి పేరు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. నవ్వూ వచ్చింది. రెండూ ఆపుకోలేక పమిటతో ముఖం కప్పుకున్నాను. కుక్క ఈ గొడవేదీ పట్టించుకోకుండా చేపలు ఏరుకుని తింటోంది. రైలు దాని తోకకి తగిలి ఆగిపోయింది.

"ఏడిసింది సాలు, హారతి నువ్వియ్యి అమ్మీ" అన్నారు మామయ్య. "నా సెయ్యి నీసు సెయ్యి."

"నాదీ అంతే మావయ్యా" అన్నాను.

ఆయన నన్ను చూశారు. అప్పుడు నవ్వారు, పై పళ్ళు రెండు లేని నోరు అంతా తెరిచి. ఇద్దరం వీధి అరుగు మీదికి వెళ్ళాం. నేను చెంబుతో నీళ్ళు పోస్తే ఆయన కడుక్కున్నారు, ఆయన పోస్తే నేను కడుక్కున్నాను. రెండుసార్లు సబ్బు రాశాం. వాసన పోలేదు. ఆ ఏడు హారతి మా ఆయన ఇచ్చారు. ఆయన వెనక మేమిద్దరం తడిచేతులతో నిలబడ్డాం.